ఆయన ఇరవై అయిదు, నా నలభై

నాకు కుళ్లు ఎక్కువ. ఈ మాట మొదలే చెప్తున్న. సగం చదివినంక మీరే కనిపెట్టి ముసిముసిగ నవ్వుకునుడు నాకిష్టం లేదు. రిటైరైనోళ్లు రాసుకునే ముచ్చట్లల్ల అందరు మంచోళ్లే ఉంటరు, పాత దోస్తుల మాట ఎత్తంగనే కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. నాకు గట్ల రాయరాదు. నేను నాచారంల ఇంజన్లు టెస్ట్ చేసే నౌకరీ చేసిన. నా పక్క బెంచీ మీద ఒకాయన చేసిండు. ఆయన యాదికొస్తే ఇప్పటికీ నాకు కడుపుల మంటనే. ఎందుకో చెప్త. కొత్తగ నౌకరీల చేరిన పిలగాండ్లు, ఆడపిల్లలు జర మనసుపెట్టి వినుండ్రి, మీకు పనికొస్తది.

మాది పెద్ద ఫ్యాక్టరీ ఏం కాదు. నాచారంకెళ్లి మల్లాపూర్ పోయే దారిల ఒక రేకుల షెడ్డు, ముంగట సైకిల్ స్టాండ్, పైన ఆఫీసు. రైతులు వీపుకు తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు ఉంటయి గదా, వాటికి పెట్టే చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్లు మా దగ్గర తయారయ్యేటివి. ఈ ఇంజన్ల సంగతి ఒక్క ముక్కల చెప్త. వీటికి ఆయిల్ పోయనీకె వేరే జాగ ఉండదు, పెట్రోల్లనే కలిపి పోయాలె. గా ఆయిలే లోపటికి పోయి పిస్టన్‌ను తడుపుతది. కొత్త ఇంజన్‌ల పిస్టన్ కొత్తది, సిలిండర్ కొత్తది, రెండు ఒకదానికొకటి అలవాటు కావాలె. అందుకని మొదట్ల మెల్లగ నడిపిస్తరు, ఆయిల్ జర ఎక్కువ కలుపుతరు. దాన్ని మేము బోర్ సెట్ చేసుడు అంటుంటిమి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ మీద గీతలు పడ్తయి, మరీ తక్కువైతే పిస్టన్ సిలిండర్ల పట్టేసి ఇంజన్ ఆగిపోతది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు నిండ మసి. ఎంత కలపాలె అన్నదే మా టెస్టింగ్ సెక్షన్ల అన్నిటికన్న పెద్ద మాట.

నా లెక్క నలభై. నేను పని నేర్చుకున్నది అంబర్‌పేట్‌ల, ఒక స్కూటర్ల షెడ్డుల. ఇంజన్ విప్పి బోర్ చేసిన బండిని మా ఉస్తాద్ నాకిచ్చి పెట్రోల్ బంకుకు తోలేటోడు. బంకుల ఆయిల్ కొట్టేటోడు "ఎంత?" అంటే "ఫార్టీ" అనాలె, అంతే. లీటర్ పెట్రోలుకు నలభై మిల్లీ. బంకోడు మళ్ల అడగడు, మనం మళ్ల చెప్పం. నాచారం ఫ్యాక్టరీల చేరినంక సుత నేను గదే నడిపిన, గది మంచిగనే నడిచింది.

మా ఫ్యాక్టరీల ఇంకో పద్ధతి ఉండె. పెట్రోల్ ఊకూకె మాయమైతుందని దాన్ని ఆయిల్‌తో పాటు ఒక చిన్న అర్రల పెట్టి తాళమేసిన్రు. తాళంచెయ్యి మా స్టోర్ మామ మొలతాడుకు ఉండేది. మామ తప్ప ఇంకెవ్వరు ఆ అర్రల అడుగు పెట్టేది లేదు. కిటికీకి ఒక పలక వేలాడదీసిండు. షిఫ్టుల ఉన్న టెస్టర్ ఆ పలక మీద ఒక నెంబర్ రాస్తే, మామ లోపట గాజు కొలజాడీతోటి కొలిచి, కలిపి, డబ్బా కిటికీలకెళ్లి చేతికిచ్చేటోడు. నెంబర్ పక్కన ఇంకో అక్షరం రాసేది లేదు. ఏండ్ల సంది ఆ పలక మీద 40 ఒక్కటే ఉండె, అది రాసింది నేనే.

గట్ల ఉండంగ మా టెస్టింగ్ ఇన్‌ఛార్జ్ రిటైరయ్యే రోజులు దగ్గరికొచ్చినయి. ఇన్‌ఛార్జ్ అంటే అద్దాల క్యాబిన్, అందుల కూలర్, ఇంజన్ మెడల వేసే చీటీ మీద ఆఖరి సంతకం. ఆ రేకుల కింద ఎండకాలం పనిచేసినోడికే ఆ కూలర్ విలువ తెలుస్తది. నా తర్వాత చేరినోళ్లు సుత "ఇగ నువ్వే గదన్నా" అంటుండిరి. నేను "చూద్దాం తియ్యి" అనేటోన్ని గని, లోపట ఆ కుర్చీ ఏ దిక్కు తిప్పి వేసుకోవాల్నో సుత అనుకున్న. మా ఇంటామె అయితే వాళ్ల చెల్లెకు ఫోన్ చేసి చెప్పేసింది.

గప్పుడే దిగిండు ఆయన.

కోస్తా దిక్కు మనిషి. ఇల్లు ఉప్పల్‌ల. ఇంకో ఇంజన్ల కంపెనీ మూతపడితే మా దగ్గరికొచ్చిండు, వయసుల నాకు ఈడుజోడే. మొదటి రోజే ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి, "నమస్కారం అన్నగారూ, మీ గురించి చాలా విన్నానండీ" అన్నడు. అన్న అంటే దగ్గరోడు, గారు అంటే దూరపోడు. రెండు కలిపి పిలిస్తే మనిషి ఎటు పోవాలె? నేను "ఆ, ఆ" అన్న. వారం తిరగకముందే ఫ్యాక్టరీ అంత నన్ను అన్నగారు అనుడు షురూ చేసింది. అసెంబ్లీల పనిచేసే ఆడోళ్లు సుత "అన్నగారూ, జర జరుగుండ్రి" అని ఒకటే నవ్వు.

ఆయనకు అన్నీ వచ్చు. చేతిరాత ముత్యాలు. మాట తియ్యగ. ఎవరి బిడ్డ ఏం చదువుతుందో, ఎవరి తల్లి దవాఖానాల ఉందో యాదికుంచుకుని అడుగుతడు. స్టోర్ మామ ఎవ్వరికి అర్రల కుర్చీ వెయ్యనోడు, కిటికీ బయట ఈయన కోసం స్టూల్ వేసిండు. నేను అన్నేండ్లు ఆ కిటికీ కాడ నిలబడే మాట్లాడిన! ఒకనాడు వాళ్లింట్ల పెట్టిన పండుమిరపకాయ పచ్చడి ఒక సీసా నాకు తెచ్చిచ్చిండు, "మా ఆవిడ వదినగారికి ఇమ్మందండీ" అని. నేను బ్యాగుల వేసుకుని ఇంటికి తెచ్చిన. ఆ రాత్రి మా ఇంటామె అన్నం కలుపుకుంట "ఎంత మంచోళ్లయ్యా!" అన్నది. ఫ్యాక్టరీల అయిపోయింది, ఇంట్లకు సుత వచ్చేసిండు అనుకున్న. నాకు ముద్ద దిగలే. పచ్చడి మాత్రం మస్తుండె, ఆ మాట ఎందుకు దాచాలె.

పొద్దటి షిఫ్టు నాది, మధ్యాహ్నంకెళ్లి పగటి షిఫ్టు ఆయనది. ఆయన పని మొదలువెట్టిన తెల్లారి నేను వచ్చి చూస్తే పలక మీద 40 లేదు. ముత్యాలసొంటి అక్షరాలతోటి 25 అని ఉంది.

నా నెత్తురు సల సల మసిలింది. ఒక్క మాట అడగలే, చెప్పలే. ఏండ్ల సంది ఉన్న నెంబర్‌ను వచ్చీ రాంగనే తుడిచేసుడేంది? నలభై మిల్లీ పోసే జాగల ఇరవై అయిదు మిల్లీనా? వీడు ఇంజన్లు చేసిండా, అత్తరు అమ్మిండా అనుకున్న. అంగీ చెయ్యితోటి దాన్ని తుడిచి, పలక నిండ పెద్దగ 40 రాసిన. పగటీలి నేను పోయినంక ఆయన వచ్చి తుడిచి 25 రాసిండు. తెల్లారి మళ్ల నేను. గిట్ల రోజు నడిచింది. మా ఇద్దరి నడుమ మాటలు లేవా అంటే ఉన్నయి. "టీ తాగారా అన్నగారూ?" "తాగిన." గంతే. నెంబర్ మాట ఆయన ఎత్తలే, నేను ఎత్తలే. సర్వీసుల పెద్దోడిని నేను, ఆయనే వచ్చి అడగాలె అని నాకు. ఆయనకేముండెనో నాకేం ఎరుక.

మామ మాత్రం నాతో ఒకనాడు అన్నడు. "నీ దోస్తు ఆయిల్ మస్తు పొదుపు మనిషే."

"నా దోస్తు ఎవడు? పొదుపు కాదు మామ, పీనాసితనం."

"నాకెందుకు తియ్యి. పలక మీద ఎంతుంటే గంత పోస్త."

కొన్ని దినాలకు ఆయన షిఫ్టు ఇంజన్లు విప్పి చూస్తుంటే పిస్టన్ల మీద సన్న సన్న గీతలు కనవడ్డయి. నా షిఫ్టుల పిస్టన్లు అద్దం లెక్క ఉన్నయి. అబ్బ, ఆ పొద్దు నాకు అన్నం ఎంత రుచి అయిందో! ఇంటికి పోయి పచ్చడి మళ్ల వేసుకుని తిన్న. ఇంత చెప్పిన గని, ఒక్కటి వినుండ్రి, నేను ఊరుకోలే. షిఫ్టు మారేటప్పుడు ఆయన్ను ఆపిన. ఇంజన్ మీద కుళ్లు లేదు నాకు, ఉన్నదల్లా మనిషి మీదనే.

"ఏమయ్యా, మీ ఇంజన్లకు ఆయిల్ సాల్తలేదు" అన్న.

ఆయన పిస్టన్ చేతుల పట్టుకుని వెలుతురుకు తిప్పి తిప్పి చూసిండు. మొఖం చిన్నబోయింది. "అవునండీ అన్నగారూ. నాకూ అదే అనుమానంగా ఉంది. ఎందుకో అర్థం కావట్లేదు. ఇవాళ్టి నుంచి ఆయిల్ పెంచుతానండీ" అన్నడు.

సరే, మాట విన్నడు, మనిషి మంచోడే అనుకున్న. ఒక్క రాత్రి అనుకున్న. తెల్లారి వచ్చి చూస్తే పలక మీద 20 ఉంది.

పెంచుత అని నా మొఖం మీద చెప్పి, ఇరవై అయిదును ఇరవై చేసిండు! నన్ను ఎక్కిరిస్తుండు అనుకున్న. అంత నవ్వుకుంట, అంత అండీ అండీ అనుకుంట, లోపట ఇంత ఉందా వీనికి అనుకున్న. ఆ దినం పలకను తడిబట్ట పెట్టి తోమిన. మామ కిటికీలకెళ్లి చూసి "పలక ఇరిగిపోతది రా నాయనా" అన్నడు.

ఇప్పటి పిలగాండ్లు అడుగుతరు, మరి ఆయనకు డబ్బాల పెట్రోల్ చూస్తే తెలవదా, ఆయిల్ రంగు తెలుస్తది గదా అని. తెలుస్తది, మన ఆయిల్ అలవాటు ఉన్నోడికి. ఆయన ఇదివరకు పనిచేసిన కాడ వాడిన ఆయిల్ వేరే, దాని రంగు వేరే. అర్రలకు పోయి కొలుచుకునే పద్ధతి మా దగ్గర లేదు. మామకిచ్చిన నెంబర్ దేవునికి చెప్పిన మాట కింద లెక్క.

తర్వాత అయ్యేదే అయింది. ఒక పగటీలి ఆయన బెంచీ మీద ఇంజన్ కీచుమని ఒర్లి ఆగిపోయింది. పిస్టన్ పట్టేసింది. నేను అప్పుడే బట్టలు మార్చుకుని సైకిల్ స్టాండ్ కాడికి పోయిన. ఆ సప్పుడు విని వెనుకకు ఉరికిన. మా మేనేజర్ సార్ మెట్లు దిగి వచ్చిండు. ఆర్మీల బండ్ల వర్క్‌షాప్ నడిపి వచ్చి సైనిక్‌పురిల ఇల్లు కట్టుకున్న మనిషి, కిందికి దిగిండంటే ఎవరికో మూడిందనే లెక్క.

"ఎవరి షిఫ్ట్? ఎంత మిక్స్?"

"నాదేనండీ. ట్వంటీ" అన్నడు ఆయన.

"నీది?" నా దిక్కు తిరిగిండు సార్.

"ఫార్టీ సార్. మొదటి సంది ఫార్టీనే."

"ఒక షెడ్డుల రెండు లెక్కలా? నాకు ఏక్ మిక్స్ కావాలె, ఏక్ ఆద్మీ కావాలె. సోమవారం ఇద్దరు చెరొక కొత్త ఇంజన్ తీసుకోండ్రి. ఎవరి మిక్స్ వాళ్లు వాళ్ల చేతితోటే కలపాలె, నా ముంగట. ట్యాంకు ఖాళీ అయ్యేదాంక నడిపి, విప్పి చూద్దాం. ఎవరి పిస్టన్ మంచిగుంటే వాళ్ల మిక్స్ ట్యాంకు మీద స్టిక్కర్ అయితది. వాళ్లే ఇన్‌ఛార్జ్."

నేను ఆ మాట వినంగనే గెలిచేసిన. నా పిస్టన్లు అద్దాలు, ఆయన పిస్టన్ పట్టేసింది. ఇంకేం కావాలె? అప్పటిదాంక మంచిగ మాట్లాడినోళ్లు సుత ఆయన దిక్కు జాలిగ చూసుడు మొదలువెట్టిన్రు. నిజం చెప్త, ఆ జాలి సుత నాకు పడలే. ఓడిపోయేటప్పుడు సుత అందరి మనసు ఆయన కాడనేనా?

సోమవారం పొద్దుగాల సైకిల్ స్టాండ్ పక్కన ఒక టేబుల్ వేసిన్రు. టేబుల్ మీద రెండు అయిదు లీటర్ల పెట్రోల్ డబ్బాలు, రెండు కొలజాడీలు. ఒక జాడీ మామది, ఇంకోటి ఆయన ఇంటికెళ్లి తెచ్చుకున్నది. మామ మొలతాడు కాడ తాళంచెయ్యి పట్టుకుని, ఆయిల్ డబ్బా బయటికి తెచ్చి టేబుల్ మీద పెట్టిండు. సొంత బిడ్డను అత్తగారింటికి పంపుతున్నట్టు ఉండె మామ మొఖం. అసెంబ్లీ ఆడోళ్లు, లేత్ మిషినోళ్లు, వాచ్‌మన్, అందరు చుట్టు నిలవడ్డరు. సార్ చేతులు వెనుకకు కట్టుకుని నడుమ నిలవడ్డడు.

"నీ మిక్స్ చెప్పు."

"ఫార్టీ సార్."

"నీది?"

"ట్వంటీ ఫైవేనండీ. నేను మొదట పెట్టిందే సరైంది. ఇరవై మరీ ఎక్కువైపోతుంది" అన్నడు ఆయన.

మరీ ఎక్కువ అంటడేంది, మరీ తక్కువ అనాలె గదా అని నాకు ఒక్కసారి అనిపించింది. గని అది పట్టించుకునే టైం కాదు. అయిదు లీటర్లు, లీటర్‌కు నలభై, అంటే రెండు వందల మిల్లీ. నేను జాడీల ఆయిల్ పోసుడు షురూ చేసిన. ఏండ్ల సంది మామ చేతుల ఉన్న పని నా చేతికి వచ్చింది. రెండు వందల గీత కాడ ఆపి, తల ఎత్తి ఆయన దిక్కు చూసిన.

ఇరవై అయిదు మిల్లీ లెక్కన ఆయన జాడీల నూట ఇరవై అయిదు కాడ ఆగాలె. నూరు దాటింది. నూట ఇరవై అయిదు దాటింది. ఆయన చెయ్యి ఆగుతలేదు. నూట యాభై దాటింది. దొంగ, నా లెక్క చూసి నాది కొట్టేస్తుండు అని నా నోటి దాంక వచ్చింది. గప్పుడు ఆయన పెదవులు చూసిన. ఆయన నా జాడీ దిక్కు చూస్తలేడు. చిన్నపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు తనలోపట గొణుక్కుంటుండు. "అయిదు వేలు... ఇరవై అయిదు పాళ్లకు ఒక పాలు... రెండు వందలు." రెండు వందల గీత కాడ ఆయన చెయ్యి ఆగింది.

నేను నా జాడీ టేబుల్ మీద పెట్టిన.

ఇరవై అయిదు అంటే మిల్లీ కాదు. పాళ్లు. ఇరవై అయిదు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. లీటర్ అంటే వెయ్యి, వెయ్యిని ఇరవై అయిదు పాళ్లు చేస్తే ఒక పాలు నలభై. నా నలభై, ఆయన ఇరవై అయిదు ఒకటే. మొదటి రోజుకెళ్లి ఒకటే. నేను తుడిచిన పలక, ఆయన తుడిచిన పలక, రెండింటి మీద ఒకటే మాట ఉండె. మామకు మిల్లీ తప్ప వేరే లెక్క తెలవదు, అందుకని ఆయన నెంబర్‌ను మిల్లీ కింద కొలిచి పోసిండు, ఆయిల్ తక్కువైంది, గీతలు పడ్డయి. ఆయన నిజంగనే పెంచుదామని 20 రాసిండు, పాళ్ల లెక్కల అది పెంచుడే, లీటర్‌కు యాభై మిల్లీ అయితది. మామ ఇరవై మిల్లీనే పోసిండు. పిస్టన్ పట్టేసింది. ఎక్కిరిచ్చుడు లేదు, ఏం లేదు.

ఇదంత నాకు రెప్ప కొట్టేంతల సమజైంది. చుట్టు ఉన్నోళ్లెవరికి ఇంకా తెలవదు. ఆయనకు సుత తెలవదు, ఆయన ఇంకా తన జాడీ గీత దిక్కే ఒంగి చూస్తుండు. నేను నోరు తెరిచి "సార్, రెండు ఒకటే" అంటే అయిపోతుండె. గంత చిన్న మాట. గని ఆ మాటల ఇంకో మాట ఉంది: ఆయనది కరెక్టు. మొదటి రోజుకెళ్లి కరెక్టు. ఆ ముత్యాల అక్షరాలు కరెక్టు, ఆ అంగీ కరెక్టు, ఆ నవ్వు కరెక్టు. ఇన్ని దినాలు నేను పోగు చేసుకున్న మంట అంత ఒక్క ఉఫ్‌తోటి నేనే ఊది ఆర్పేయాలె. నోరు పెగలలే. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, సప్పుడు వస్తలేదు.

గంతల ఆయన తల ఎత్తిండు. తన జాడీ చూసిండు, నా జాడీ చూసిండు. మళ్ల తనది చూసిండు.

"అయ్య బాబోయ్!" అని రెండు చేతులతో నెత్తి పట్టుకున్నడు. పట్టుకుని ఫకాలున నవ్విండు. "అన్నగారూ! మనిద్దరిదీ ఒకటేనండీ! మీరు మిల్లీలు, నేను పాళ్లు! ఇన్నాళ్లూ ఒకే మాట మీద కొట్టుకు చచ్చాం!"

సార్‌కు సమజ్ కాలే. ఆయన సార్‌కు చెప్పిండు, పలక తెప్పించి సుద్దతోటి లెక్క వేసి చూపెట్టిండు. సార్ కాలు మీద కొట్టుకుని నవ్విండు. ఆడోళ్లు నవ్విన్రు, వాచ్‌మన్ నవ్విండు. మామ మాత్రం నవ్వలే, తాళంచెయ్యి గట్టిగ పట్టుకుని వెనుకకు జరిగిండు, పిస్టన్ పట్టిచ్చింది నేనే గదా అని. ఆయన మామ భుజం మీద చెయ్యి వేసి, "మామగారి తప్పేం లేదు సార్. పలక మీద పాళ్లు అని రాయాల్సింది, నేనే రాయలేదు" అన్నడు. మళ్ల అందరి కండ్లు మెరిసినయి. చూసిన్రా? తప్పు ఒప్పుకునుడుల సుత ఫస్ట్ ఆయనే.

అయినా ఇంజన్లు నడిపించిన్రు, సార్ మొదలువెట్టిన పని ఆపేటోడు కాదు. రెండింటి పొగ ఒకటే, సప్పుడు ఒకటే. విప్పితే రెండు పిస్టన్లు కవలలు. ఆడోళ్లు రెండింటిని అటు ఇటు మార్చి "ఏది ఎవరిదో చెప్పుండ్రి అన్నగారూ" అని నన్ను ఆటవట్టిచ్చిన్రు. నేను చెప్పలేకపోయిన.

"మరి ఇన్‌ఛార్జ్ ఎవరు సార్?" అని ఎవరో అడిగిన్రు.

సార్ ఒక్క నిమిషం సుత ఆలోచించలే. "మిక్స్ సేమ్. పిస్టన్ సేమ్. తేడా ఎవరు పట్టుకున్నరు? పట్టుకున్నోడే ఇన్‌ఛార్జ్. ఖతం."

నేను చప్పట్లు కొట్టిన. కొట్టక ఏం జేస్త?

సాయంత్రం కిటికీ కాడికి పోతే మామ లోపట కొలజాడీ తుడుస్తుండు. నా దిక్కు చూడకుంటనే అన్నడు, "నువ్వు ముందే చూసినవ్ గదా?"

"ఏంది చూసిన?"

"ఆయన నవ్వకముందు నీ మొఖం చూసిన నేను. నీకు ముందే సమజైంది."

"నాకేం సమజైంది మామ? ఏదో అంటవ్."

మామ లేచి, అర్ర తలుపు తీసి, కిటికీ బయట ఉన్న స్టూల్ నా దిక్కు జరిపిండు. అది ఆయన కోసం వేసిన స్టూల్. కూసుంటినా? కూసున్న. కాళ్లు గుంజుతుండె.

మా ఇంటామెకు చెప్పనీకె నాకు రెండు దినాలు పట్టింది. వాళ్ల చెల్లెకు మళ్ల ఫోన్ ఆమెనే చేసుకుంది. ఏం చెప్పుకుందో నేను వినలే, వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంది.

మీకు ఇక్కడ ఒక మాట. ఎవరన్న ఒక నెంబర్ చెప్తే, అది వేటి నెంబరో అడుగుండ్రి. సిగ్గు పడొద్దు. మిల్లీనా, పాళ్లా, కిలోనా, లీటరా, అడగనీకె నోరు రావాలె. అదొక్కటి నేర్చుకున్నా మస్తు. రెండో మాట సుత ఉంది గని, అది చెప్తే మీరు నవ్వుతరు. సమజైన మాట ఉంటే జల్ది చెప్పెయ్యిండ్రి. పక్కోడు చెప్పినంక దాన్ని చెప్పుకోనీకె జాగ ఉండదు.

ఇంతటితోటి అయిపోయిందనుకుంటున్నరా? స్టిక్కర్ ఉంది గదా.

ట్యాంకు మీద ఏం అచ్చు వేయాల్నో చెప్పుమని సార్ కొత్త ఇన్‌ఛార్జ్‌ను అడిగిండు. నేను అనుకున్న, ఇంకేముంది, ముత్యాల అక్షరాల ఇరవై అయిదు పడ్తది, తెలంగాణ అంతట రైతుల వీపుల మీద ఊరేగుతది. స్టిక్కర్లు వచ్చినయి. ఒకటి తీసి చూసిన. "కొత్త ఇంజనుకు లీటరు పెట్రోలులో 40 మి.లీ. ఆయిల్ కలపాలి." రైతు చేతుల కొలిచే మూత ఉంటది గని పాళ్లు చేసే ఓపిక ఉండదు, అన్నగారి లెక్కనే సరైందండీ అని సార్‌కు చెప్పిండట. నా నెంబర్. ఇరవై అయిదు ఎక్కడ లేదు.

నాకు సంబురం అయిందా? అయింది. ఒక గంట సేపు. తర్వాత క్యాంటీన్‌కు పోయిన. అక్కడ ఒకటే ముచ్చట. ఎంత పెద్ద మనసో చూసిన్రా, గెలిచి సుత అన్నగారి నెంబర్ పెట్టిండు అని. ఇంటికి పోతే మా ఇంటామె గదే మాట. కుర్చీ తీసుకున్నడు, దాని మీద ఎవరికి ఫికర్ లేదు. నెంబర్ ఇచ్చిండు, దానికి మాత్రం అందరు దండం.

నేను రిటైరైన దినం ఫ్యాక్టరీల సభ పెట్టిన్రు. శాలువా కప్పిన్రు, దండ వేసిన్రు, లడ్డూలు పంచిన్రు. మేనేజర్ సార్ మైకు పట్టుకుని, నా గురించి ఒక మంచి ముచ్చట చెప్త అన్నడు. నేను కుర్చీల సర్దుకుని కూసున్న. సార్ ఆ సోమవారం ముచ్చట మొత్తం చెప్పిండు, రెండు జాడీలు, రెండు లెక్కలు, పట్టుకున్నోడే ఇన్‌ఛార్జ్, అన్నీ. చెప్పి చెప్పి ఆఖరికి స్టిక్కర్ కాడికి వచ్చి గొంతు తగ్గించిండు. "తన నెంబర్ పక్కన పెట్టి, మన అన్నగారి నెంబర్ ట్యాంకు మీద పెట్టిన మనిషి మన నడుమనే ఉన్నడు. గట్టిగ చప్పట్లు!"

నా మెడల దండ, నా మీద శాలువా, నా ఆఖరి దినం. షెడ్డంత లేచి నిలవడి ఆయనకు చప్పట్లు కొట్టింది. మా ఇంటామె అందరికన్న ముంగట లేచింది. ఆయన సిగ్గుపడుకుంట నా దిక్కు చూపెట్టి, "అంతా అన్నగారిదేనండీ" అన్నడు. చప్పట్లు రెండింతలైనయి, అవి సుత ఆయనకే.

నేను సుత లేచి కొట్టిన. గట్టిగనే కొట్టిన.